చమురు కోసం తీసిన చిత్రంలో దొరికిన పగులు

1895వ సంవత్సరం వైద్యులకు మరపురానిది. ఆ ఏడు నవంబరులో జర్మనీలోని వుర్జ్‌బర్గ్ నగరంలో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. మరుసటి నెలలోనే తన భార్య చేతి ఎముకలను ఛాయాఫలకం మీద చూపించాడు. కత్తి పెట్టకుండా శరీరం లోపలికి చూడడం అక్కడ మొదలైంది. అదే ఏడాది కాలిఫోర్నియాలో ఆండ్రూ లాసన్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు శాన్ ఫ్రాన్సిస్కోకు దక్షిణాన ఒక లోయ వెంట పోతున్న పెద్ద పగులును గుర్తించి, ఆ లోయ పేరుమీదనే దానికి శాన్ ఆండ్రియాస్ అని పేరు పెట్టాడు. ఆయన దగ్గర కిరణాలేమీ లేవు. కొండల వరుసను, వాగుల వంపును, రాళ్ళ రకాన్ని చూసి, లోపల ఏముందో ఊహించాడు. నాడి పట్టుకుని రోగం చెప్పిన పాతకాలపు వైద్యుని పనివంటిదే అది.

శిలలు పగిలి, ఆ పగులుకు ఇరువైపులా ఉన్న భాగాలు ఒకదానిమీద ఒకటి జరిగితే దానిని భ్రంశం అంటారు. ఆ జరగడం ఒక్కసారిగా జరిగితే భూకంపం. ఈ వ్యాసంలో చెప్పదలచినది లాస్ ఏంజలస్ నగరం కింద ఉన్న ఒక భ్రంశం కథ. దానిని శాస్త్రజ్ఞులు లోకానికి చూపించినది 1999లో. అయితే చూపించిన ఆ చిత్రాలు అంతకు ఎంతో ముందే తీసినవి. తీయించినవారు వెతికింది భ్రంశాన్ని కాదు, చమురును. ఒక జబ్బు కోసం తీసిన స్కాన్‌లో ఇంకొక జబ్బు కనిపించడం ఆసుపత్రిలో పనిచేసేవారికి కొత్త కాదు. కానీ ఒక మహానగరం విషయంలో అదే జరిగినప్పుడు, ఆ ఆలస్యంలో ఏమేమి నడిచిందో చూడడం అవసరం.

1906 ఏప్రిల్ 18న శాన్ ఆండ్రియాస్ కదిలింది. శాన్ ఫ్రాన్సిస్కో కూలి, కాలి, బూడిదైంది. లాసన్ నాయకత్వంలో ఒక సంఘం ఆ పగులు వెంట సుమారు 470 కిలోమీటర్ల మేర పరిశీలన సాగించింది. విరిగిన కంచెలను, జరిగిన బాటలను కొలిచింది. కొన్నిచోట్ల నేల 6 మీటర్ల వరకు పక్కకు జరిగింది. 1908లో వెలువడిన ఆ నివేదిక భూకంప శాస్త్రానికి మూలగ్రంథాలలో ఒకటి. ఆ కొలతల ఆధారంగానే హ్యారీ రీడ్, శిలలు విల్లులా వంగి వంగి చివరకు తెగి వెనక్కు కొట్టుకోవడమే భూకంపమని సిద్ధాంతీకరించాడు. అది ఎంత గొప్ప విజయమో, అంత బలమైన అలవాటును కూడా మిగిల్చింది. భ్రంశమంటే నేలమీద గీతలా కనిపించేదనీ, నడిచి వెళ్ళి చూడగలిగేదనీ అందరికీ ఒక భావం స్థిరపడింది. కనిపించని భ్రంశం గురించి ఆలోచించే అవసరం చాలాకాలం రాలేదు.

దక్షిణాన లాస్ ఏంజలస్‌లో ఆలోచించకపోవడానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి. కార్ల్ హెన్రీ గెష్విండ్ 2001లో ప్రచురించిన కాలిఫోర్నియా భూకంపాల చరిత్రను చదివినవారికి ఆ కాలపు వాతావరణం తెలుస్తుంది. 1920లలో స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు బెయిలీ విల్లిస్ దక్షిణ కాలిఫోర్నియాకు త్వరలో పెద్ద భూకంపం తప్పదని హెచ్చరిస్తూ వచ్చాడు. స్థలాలు అమ్ముకునేవారికి, భవనాల యజమానులకు అది రుచించలేదు. 1928లో రాబర్ట్ హిల్ అనే పేరున్న భూగర్భ శాస్త్రజ్ఞుడు లాస్ ఏంజలస్ భూకంపాల గురించి రాసిన పుస్తకం విల్లిస్ మాటకు తిరుగులేని జవాబుగా ప్రచారం పొందింది. ఐదేళ్ళు తిరిగేసరికి, 1933 మార్చి 10 సాయంత్రం, లాంగ్ బీచ్‌లో భూమి కదిలింది. వందమందికి పైగా మరణించారు. ఇటుక బడులెన్నో నేలమట్టమయ్యాయి. బడి వదిలిన తరువాత వచ్చింది కాబట్టి పిల్లలు బతికారు. అటుపిమ్మట బడి భవనాలకు కఠినమైన చట్టం వచ్చింది.

ఇదే కాలంలో ఆ నగరం మరో పనిలో మునిగి ఉన్నది. చమురు తవ్వకం 1890లలోనే మొదలై, 1920లలో సిగ్నల్ హిల్, శాంటా ఫే స్ప్రింగ్స్ వంటి చోట్ల వెల్లువెత్తింది. చమురు ఎక్కడ పడుతుంది? రాతిపొరలు మూపురంలా పైకి లేచిన చోట. తేలికైన చమురు నీటిమీద తేలుతూ ఆ మూపురం కింద చేరి చిక్కుకుంటుంది. అందుచేత ఆ పరిశ్రమ మొత్తం మూపురాల వేటగా సాగింది. పొరలు ఊరికే మూపురం కట్టవు, కింద ఏదో తోస్తేనే కడతాయి. దక్షిణ కాలిఫోర్నియాలో చమురు పటమంటే ఒక విధంగా అడుగున ఉన్న భ్రంశాల నీడ. నీడను చూసినవారు నీడతోనే తృప్తిపడ్డారు. వారికి కావలసింది అదే కనుక వారిని తప్పుపట్టడానికి లేదు.

ఆ వేట కోసమే నేల లోపలికి చూసే పద్ధతి పుట్టింది. దాని సూత్రం మాత్రం వైద్యులకు చాలా పాత పరిచయం. 1761లో వియన్నాలో లియొపోల్డ్ ఆవెన్‌బ్రుగర్ అనే వైద్యుడు రోగి రొమ్మును వేళ్ళతో తట్టి, వచ్చే ధ్వనిని బట్టి లోపల గాలి ఉన్నదో నీరు చేరిందో చెప్పవచ్చునని చిన్న గ్రంథం రాశాడు. సత్రం నడిపే తండ్రి మద్యం పీపాలను తట్టి ఎంత మిగిలిందో చూడడం గమనించి ఆయన ఇది నేర్చుకున్నాడని చెబుతారు. సమకాలికులు పెద్దగా పట్టించుకోలేదు. 1808లో నెపోలియన్ వైద్యుడు కార్విసార్ దానిని ఫ్రెంచిలోకి తెచ్చిన తరువాతే ఆ విద్య వ్యాపించింది. నేలను తట్టి వినడం ఇంకొక శతాబ్దం తరువాతి మాట. 1912లో టైటానిక్ మునిగిన తరువాత, రెజినాల్డ్ ఫెసెండెన్ నీటిలో శబ్దం పంపి మంచుకొండ నుంచి వచ్చే ప్రతిధ్వనిని పట్టే యంత్రాన్ని 1914లో సముద్రంమీద పరీక్షించాడు. మొదటి ప్రపంచయుద్ధంలో శత్రువుల ఫిరంగి ఎక్కడున్నదో దాని చప్పుడును బట్టి లెక్కగట్టే పనిలో ఉన్న జాన్ కార్చర్, యుద్ధం ముగిశాక అదే విద్యను నేలవైపు తిప్పాడు. 1921 వేసవిలో ఓక్లహామాలో ఆయన బృందం చిన్న పేలుళ్ళు జరిపి, అడుగున ఉన్న సున్నపురాతి పొర నుంచి తిరిగివచ్చిన ప్రతిధ్వనిని కాగితంమీద నమోదు చేసింది. ఆ పద్ధతి నడపడానికి 1930లో పుట్టిన కంపెనీయే తరువాత టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అయింది.

పద్ధతి చెప్పడానికి సులభమే. నేలమీద ఒకచోట పేలుడుతోనో, బరువైన లారీ అడుగున అమర్చిన పలకతోనో ప్రకంపన పుట్టిస్తారు. అది కిందికి పోతూ ఒక రాతిపొర ముగిసి మరొకటి మొదలయ్యే చోట కొంత వెనక్కు మళ్ళుతుంది. వరుసగా పరచిన జియోఫోన్లు ఆ మళ్ళిన ప్రకంపనను వింటాయి. తరంగం సెకనుకు 3 కిలోమీటర్ల వేగంతో పోతే, 3 కిలోమీటర్ల లోతున ఉన్న పొర జవాబు 2 సెకన్లకు వస్తుంది. గర్భస్థ శిశువును చూసే అల్ట్రాసౌండ్ చేసేదీ ఇదే. ఆ యంత్రానికి కూడా పగుళ్ళతో చుట్టరికం ఉంది. 1950లలో గ్లాస్గోలో ఇయన్ డొనాల్డ్ మొదట వాడినది లోహాలలో పగుళ్ళు వెతికే పరికరాన్నే.

రెండింటికీ ఒక పెద్ద తేడా ఉన్నది. మెత్తని కణజాలంలో ధ్వనివేగం దాదాపు ఒక్కటే, సెకనుకు 1,540 మీటర్లు. కాబట్టి ప్రతిధ్వని వచ్చిన కాలం తెలిస్తే లోతు తెలిసినట్టే. నేలలో అలా కాదు. వదులు మట్టిలో తరంగం నెమ్మదిగా, గట్టి రాతిలో అనేక రెట్లు వేగంగా పోతుంది. ఆ వేగాలను సరిగా అంచనా వేయకపోతే ఉన్న పొర లేనిచోట కనిపిస్తుంది, సమంగా ఉన్నది వాలుగా తోస్తుంది. ఒకే బిందువు నుంచి అనేక కోణాలలో వచ్చిన ప్రతిధ్వనులను కలిపి రొదను తగ్గించే ఉపాయానికి హ్యారీ మేన్ 1950లలో పేటెంటు పొందాడు. వాలుపొరలను గణితంతో అసలు స్థానానికి చేర్చే పని 1970లలో కంప్యూటర్లతో ఊపందుకున్నది. ఇన్ని చేసినా భ్రంశం నేరుగా కనిపించడం అరుదు. అది చాలా సన్నని పొర. తిన్నగా సాగుతున్న గీతలు ఒకచోట తెగి, పక్కన మరో ఎత్తున మొదలైతే, తెగినచోట భ్రంశమున్నదని పోల్చుకుంటారు. నిటారుగా ఉన్న భ్రంశమైతే ప్రతిధ్వని పక్కకు పోతుంది, పైనున్న జియోఫోన్లకు అందదు. అందుకే గురుత్వాకర్షణలోని చిన్న తేడాలు, విద్యుత్తును రాయి అడ్డుకునే తీరు, పై కొద్ది మీటర్లకు మాత్రం రాడార్ — ఇలా వేరు వేరు కొలతలను కలిపి చదువుతారు. ఒక్క పరీక్షతో రోగం తేల్చని వైద్యుని జాగ్రత్తే ఇది.

ఇక లాస్ ఏంజలస్‌కు వద్దాం. 1971 ఫిబ్రవరి 9 ఉదయం 6 గంటలకు నగరానికి ఉత్తరాన శాన్ ఫెర్నాండో ప్రాంతంలో 6.6 పరిమాణంతో భూకంపం వచ్చింది. మృతులు అరవైమందికి పైగా. వారిలో అత్యధికులు ఒక్క చోటనే మరణించారు. అది 1920లలో కట్టిన, మాజీ సైనికుల ఆసుపత్రి. దానికి కొంత దూరంలో ఆలివ్ వ్యూ ఆసుపత్రి కొత్త భవనం తెరిచి కొద్ది వారాలే అయింది. దాని మెట్ల గోపురాలు విడివడి పడిపోయాయి, కింది అంతస్తు స్తంభాలు వంగిపోయాయి. ప్రమాదంలో ప్రాణాలు నిలపవలసిన ఇళ్ళే ప్రాణాలు తీశాయి. ఆ అవమానం నుంచి రెండు చట్టాలు పుట్టాయి. 1973నాటి ఆసుపత్రుల చట్టం, పెద్ద భూకంపం తరువాత కూడా కొత్త ఆసుపత్రులు పనిచేస్తూ ఉండేలా కట్టాలని ఆదేశించింది. అంతకు ముందే, 1972లో, ఆల్క్విస్ట్–ప్రియోలో చట్టం వచ్చింది. గడచిన 11,000 ఏళ్ళలో కదిలినట్టు నేలమీద ఆనవాలున్న భ్రంశాలను పటాలమీద గుర్తించాలి, వాటిమీద మనుషులు నివసించే కట్టడాలు కట్టకూడదు. 1971లో నేల నిజంగానే చీలి ఇళ్ళను చీల్చింది కాబట్టి ఆ చట్టం న్యాయమైనదే. కానీ నేలమీద చీలిక కనిపించని భ్రంశానికి ఆ పటంలో చోటు లేదు. లాసన్ కాలపు చూపే ఇప్పుడు చట్టంగా మారింది.

1983 మే 2న మధ్య కాలిఫోర్నియాలోని కోలింగా అనే చమురు పట్టణం కంపించింది. నేలమీద ఆ ప్రధాన భ్రంశపు చీలిక కనిపించలేదు. కదిలినది చమురు మూపురం కింద, లోతున. సరిగ్గా అదే ఏడాది ప్రిన్స్‌టన్ ఆచార్యుడు జాన్ సుప్ ఒక ప్రసిద్ధ వ్యాసంలో, అడుగున వంపు తిరిగిన భ్రంశంమీద జారే పొరలు ఏ రూపపు ముడత పడతాయో జ్యామితితో నిరూపించాడు. అంటే ముడత ఆకారాన్ని కొలిస్తే కింది భ్రంశపు వాలును లెక్కించవచ్చు. పైకి తేలకుండా లోపలే ఆగిపోయే ఇటువంటి భ్రంశాన్ని బ్లైండ్ థ్రస్ట్ అంటారు. మనం మరుగు భ్రంశం అనుకుందాం. 1987 అక్టోబరు 1న అటువంటిదే లాస్ ఏంజలస్ అంచున విటియర్ నారోస్ వద్ద 5.9 పరిమాణంతో కదిలింది. రెండేళ్ళకు థామస్ డేవిస్, జే నామ్సన్, రాబర్ట్ యెర్క్స్ చమురుబావుల సమాచారంతో నగరం అడుగున పొరల కోతపటాలు గీసి, ఇంకా పెద్దవి ఉన్నాయని హెచ్చరించారు. 1994 జనవరి 17 తెల్లవారుజామున 4:31కి నార్త్‌రిడ్జ్ భూకంపం వచ్చింది. పరిమాణం 6.7. అధికారిక లెక్కలో 57 మంది మరణించారు. నష్టం వేలకోట్ల డాలర్లు. భ్రంశం 18 కిలోమీటర్ల లోతున మొదలై పైకి చీలుతూ వచ్చి, నేలకు కొన్ని కిలోమీటర్ల దిగువనే ఆగిపోయింది. ముందురోజు ఆ ప్రాంతపు భ్రంశాల పటాన్ని ఎవరు ఎంత శ్రద్ధగా చూసినా అది కనిపించి ఉండేది కాదు.

ఆ తరువాత వచ్చింది 1999 మార్చి. సైన్స్ పత్రికలో జాన్ షా, పీటర్ షీరర్ ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. వారు కొత్తగా నేలను తట్టలేదు. చమురు కంపెనీలు లాస్ ఏంజలస్ మైదానంలో తీయించుకున్న ప్రతిధ్వని చిత్రాలను సేకరించి, కొత్త ప్రశ్నతో చదివారు. శాంటా ఫే స్ప్రింగ్స్ చమురు మూపురం కింద, సుమారు 3 కిలోమీటర్ల లోతు నుంచి ఉత్తరంగా దిగుతున్న ఒక వాలు గీత ఆ చిత్రాలలో స్పష్టంగా ఉన్నది. అయితే చిత్రం కొన్ని కిలోమీటర్ల లోతువరకే చూపగలదు. అంతకు దిగువన ఏముంది? దానికి షీరర్ 1987 విటియర్ నారోస్ భూకంపం, దాని అనుకంపనల స్థానాలను మెరుగైన పద్ధతితో మళ్ళీ లెక్కగట్టాడు. చెల్లాచెదరుగా ఉన్న చుక్కలు దగ్గరకు చేరి ఒక పలకలా నిలబడ్డాయి. పైనున్న చిత్రంలోని వాలు గీతను అదే దిశలో కిందికి పొడిగిస్తే సరిగ్గా ఆ పలకను కలుస్తుంది. పైది చమురువారి చిత్రం, కిందిది భూకంపం తానే గీసుకున్న చిత్రం. రెండూ కలిసి ప్యూంటే హిల్స్ మరుగు భ్రంశం అయింది. దాని పొడవు 40 కిలోమీటర్లకు పైగా. అది ఆరెంజ్ కౌంటీ ఉత్తరభాగం నుంచి లాస్ ఏంజలస్ నడిబొడ్డు కింది వరకు సాగుతుంది.

చిత్రం దొరికినంత మాత్రాన అది బతికున్న భ్రంశమో, చచ్చినదో తెలియదు. జేమ్స్ డోలన్, షా తదితరులు నగరపు వీధులలో తక్కువ లోతును సూక్ష్మంగా చూపే ప్రతిధ్వని కొలతలు తీసి, బావులు వేసి మట్టిపొరలను పైకి తెచ్చారు. భ్రంశం నేలను చీల్చకపోయినా, కదిలిన ప్రతిసారీ పైనున్న మట్టిని కొద్దిగా వంచుతుంది. నదులు తెచ్చిన ఒండ్రు ఆ వంపును పూడుస్తుంది. వంపుకు దిగువన పొరలు ఎక్కడెక్కడ మందం పెరిగాయో చూస్తే పాత భూకంపాల లెక్క వస్తుంది. 2003లో వారు తేల్చినది ఇది: గడచిన 11,000 ఏళ్ళలో ఆ భ్రంశం కనీసం 4 సార్లు కదిలింది, ఒక్కొక్కటి 7.2 నుంచి 7.5 పరిమాణంతో. అటువంటిది మళ్ళీ వస్తే 3,000 నుంచి 18,000 మంది వరకు మరణించవచ్చునని 2005లో ఒక అంచనా వెలువడింది. రెండు సంఖ్యల నడుమ అంత దూరం ఉండడం శాస్త్రపు బలహీనత కాదు. నేల ఎంత గట్టిగా ఊగుతుంది, ఆ ఘడియకు ఎవరు ఎక్కడ ఉంటారు, పాత భవనాలు ఎన్ని తట్టుకుంటాయి అనేవి ఎంత తెలియనివో ఆ సంఖ్యలు నిజాయితీగా ఒప్పుకుంటున్నాయి.

ఇది ఒక్క అమెరికా సంగతే కాదు. 2001 జనవరి 26న కచ్ ప్రాంతాన్ని నేలమట్టం చేసిన భుజ్ భూకంపం కూడా మరుగు భ్రంశం పనే. నేలమీద ప్రధాన చీలిక కనిపించలేదు. భుజ్ జిల్లా ఆసుపత్రి కూలి, లోపలున్నవారిని బలిగొన్నది. దాని స్థానంలో రబ్బరు, సీసం కలిసిన ఆధారాలమీద, నేల ఊగినా భవనం అంతగా ఊగకుండా, కొత్త ఆసుపత్రి కట్టారు. మన తెలుగు నేల లోపలికి ఇదే విద్యతో తొంగిచూసిన సందర్భమూ ఉన్నది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1970ల తొలి సగంలో సోవియట్ సహకారంతో కావలి నుంచి ఉడుపి వరకు, తూర్పుతీరం నుంచి పడమటితీరానికి, సుమారు 600 కిలోమీటర్ల మేర పేలుళ్ళు జరిపి భూపటలం లోతులను కొలిచింది. భారతదేశంలో ఆ తరహా పరిశీలనకు అదే తొలి గీత. అది కడప బేసిన్ మీదుగా సాగింది. దాని తూర్పు అంచున ఒక దిమ్మ మరొకదానిమీదికి తోసుకువచ్చిన చోటు లోతున ఎలా ఉన్నదో అందులో నమోదైంది. వారు వెతికినది చమురు కాదు, కట్టడాల క్షేమమూ కాదు. భూమి నిర్మాణం తెలుసుకోవడమే వారి ప్రశ్న. ఏ ప్రశ్నతో తీసిన చిత్రమైనా దాచి ఉంచితే రేపటి ప్రశ్నకు అది పనికిరావచ్చు.

నన్ను ఆలోచింపజేసేది ఈ దాచడమే. చమురు కంపెనీల చిత్రాలు కోట్లు ఖర్చుపెట్టి తీయించుకున్నవి, వారి సొంత ఆస్తి. చమురు మిగలని చోట వాటికి విలువ తగ్గిన తరువాతే అవి పరిశోధకుల చేతికి చేరడం మొదలైంది. ఎవరో కుట్రపూరితంగా నిజాన్ని దాచారని చెప్పడానికి లేదు. 1983కు ముందు ఆ చిత్రాలను భూకంప శాస్త్రజ్ఞుల చేతిలో పెట్టినా, అందులోని వాలు గీతను వారు ఏమనుకుని ఉండేవారో! కానీ ఆ తరువాత కాలానికి ఆ జవాబు చాలదు. ప్రశ్న పుట్టింది. చిత్రమూ ఉంది. రెండూ వేర్వేరు భవనాలలో ఉండిపోయాయి. ఆసుపత్రిలో స్కాన్ కోరే కాగితంమీద ‘ఎందుకు’ అనే గడి ఒకటి ఉంటుంది. దానిని శ్రద్ధగా పూరించమని రేడియాలజిస్టులు ప్రాధేయపడుతూనే ఉంటారు. అది మర్యాద కోసం అడిగేది కాదు. ప్రశ్న తెలియని కంటికి, ఎదురుగా ఉన్నది కూడా నేపథ్యంగానే తోస్తుంది.

నిదానం కుదిరిన తరువాత చికిత్స ఏమైందన్నది మిగిలిన మాట. ప్యూంటే హిల్స్ భ్రంశం జాతీయ భూకంప ప్రమాద పటాల లెక్కలలోకి చేరింది. కొత్త కట్టడాల నియమాలలో దాని బరువు ఉంటుంది. 1987లో తిరిగి తెరిచిన ఆలివ్ వ్యూ ఆసుపత్రి 1994లో భయంకరంగా ఊగినా ఒరగలేదు. చట్టం గెలిచిందనే చెప్పాలి. అయినా గోడలు నిలిచిన ఆ భవనంలో నీటిగొట్టాలు పగిలి, అంతస్తులు తడిసి, రోగులను బయటికి తరలించవలసి వచ్చింది. ఎముకలు నిలిచినా రక్తనాళాలు తెగాయన్నమాట. అందుకే ఆ ఏడే వచ్చిన మరో చట్టం, పాత ఆసుపత్రులు కూడా 2030 నాటికి పెద్ద భూకంపం తరువాత పనిచేసే స్థితిలో ఉండాలని గడువు విధించింది. గడువులు పొడిగించమనే విన్నపాలు అప్పటినుంచీ వస్తూనే ఉన్నాయి. ఖర్చు నిజమే, చిన్న ఆసుపత్రులకు అది ప్రాణాంతకమన్నదీ నిజమే. 2015లో లాస్ ఏంజలస్ నగరం పాత కాంక్రీటు భవనాలను బలపరచాలని శాసనం చేసి, వాటికి 25 ఏళ్ళ గడువు ఇచ్చింది. వేల సంవత్సరాల కొలతతో నడిచే భ్రంశానికి 25 ఏళ్ళు లెక్కలోకి రావు. ఆ భవనాలలో ఈ రాత్రి నిద్రపోయేవారికి మాత్రం అది చాలా దీర్ఘకాలం.